సెల్ఫ్ కొడుతోంది... మరి స్పార్క్ ఏదీ?

తాళం తిప్పితే ఇంజిన్ గిర్రున తిరుగుతోంది. కానీ ఎంతకీ అందుకోవట్లేదు! పాత బండి ఉన్నవాళ్లకి ఈ చప్పుడు వింటేనే నీరసం వచ్చేస్తుంది. వెంటనే ఒకరు ‘కాయిల్ మార్చెయ్’ అంటారు. ఇంకొకరు ‘ప్లగ్గులు మార్చెయ్’ అంటారు. ఎవరి మాటా వినకండి. ముందు వెతకండి. పైసా ఖర్చు పెట్టేది ఆ తర్వాతే. ఎలా వెతకాలో ఒక పాత అమెరికన్ పికప్‌ని పక్కన పెట్టుకుని చూద్దాం రండి.

ఒహాయోలో బండి... ఆటోనగర్‌లో బాబాయ్

ఒక సీన్ అనుకుందాం. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, డేటన్ నగరం. జులై నెల, ఉదయం ఎనిమిది గంటలు. మన తెలుగు కుర్రాడొకడు అక్కడ చదువు ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరాడు. కొత్త కారు కొనే స్తోమత లేదు. అందుకే 1989 మోడల్ ఫోర్డ్ ఎఫ్-150 పికప్ కొనుక్కున్నాడు. ఆరు సిలిండర్లు, 4.9 లీటర్ల పెట్రోల్ ఇంజిన్. ఫోర్డ్ ఎఫ్-సిరీస్ 1977 నుంచీ అమెరికాలో అందరికంటే ఎక్కువగా అమ్ముడవుతున్న ట్రక్కు కాబట్టి పాతవి కూడా రోడ్ల మీద బోలెడు కనిపిస్తాయి. స్పేర్ పార్టులూ తేలిగ్గా దొరుకుతాయి.

నిన్న సాయంత్రం హైవే మీద వెళ్తుండగా ఆ బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. అరగంట పక్కన నిలబెడితే, ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టయింది. ఇవాళ పొద్దున మాత్రం అస్సలు అందుకోవట్లేదు. మధ్యాహ్నం పన్నెండింటికి షిఫ్ట్. ఉద్యోగం చూస్తే కొత్తది. బండిని టో చేయించి గ్యారేజీకి పంపితే బిల్లు ఎంతవుతుందో తెలీదు.

మనవాడు వాట్సాప్‌లో వీడియో కాల్ కొట్టాడు. విజయవాడ ఆటోనగర్‌లో అప్పుడు సాయంత్రం ఐదున్నర. బాబాయ్ షెడ్డు ముందు టీ తాగుతున్నాడు.

“ఏరా, సెల్ఫ్ బాగా కొడుతోందా?”

“కొడుతోంది బాబాయ్. అందుకోవట్లేదంతే.”

“కరెంటు వస్తోందేమో చూశావా? డెల్కో చూశావా?”

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మన మెకానిక్‌లు ‘కరెంటు’ అంటున్నది ప్లగ్ దగ్గర వచ్చే స్పార్క్‌ని. ‘డెల్కో’ అంటే డిస్ట్రిబ్యూటర్. అంబాసిడర్, ప్రీమియర్ పద్మినీల కాలం నుంచి మన షెడ్లలో నానుతున్న మాట ఇది. అసలు అది ఒక కంపెనీ పేరు. డేటన్ ఇంజినీరింగ్ లేబొరేటరీస్ కంపెనీ అనే పేరులోని మొదటి అక్షరాలతో ‘డెల్కో’ అయింది. చార్లెస్ కెటరింగ్, ఎడ్వర్డ్ డీడ్స్ కలిసి 1909లో పెట్టిన కంపెనీ అది. బ్యాటరీతో నడిచే ఇగ్నిషన్‌నీ, 1912 కాడిలాక్‌లో వచ్చిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టర్‌నీ తయారుచేసింది వాళ్లే. అంటే మనవాడు ఉంటున్న ఊరి పేరునే బాబాయ్ ఆటోనగర్‌లో కూర్చుని రోజూ తలుచుకుంటున్నాడన్నమాట!

ఇంకో మాట. మన రోడ్ల మీద తిరిగే బొలెరో పికప్‌లు ఎక్కువగా డీజిల్‌వి. డీజిల్ ఇంజిన్‌లో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. స్పార్క్ ప్లగ్గులే ఉండవు. కాబట్టి ‘స్పార్క్ రావట్లేదు’ అన్న గొడవంతా పెట్రోల్ బళ్లకే.

స్పార్క్ ఎలా పుడుతుంది?

వెతికే ముందు దారి తెలియాలి. బ్యాటరీలో ఉండేది 12 వోల్టులు. ప్లగ్ దగ్గర నిప్పురవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. ఈ పెంచే పని కాయిల్‌ది. కాయిల్‌లో రెండు చుట్టలుంటాయి. మొదటి చుట్టలోంచి కరెంటు పోతున్నప్పుడు దాన్ని టక్కున ఆపేస్తే, రెండో చుట్టలో వేల వోల్టులు ఒక్కసారిగా ఎగుస్తాయి.

మరి టక్కున ఆపేదెవరు? పాత కాలంలో ‘పాయింట్’ ఆపేది. ఈ ఎఫ్-150లో ఆ పని ఒక చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె చేస్తుంది. పేరు టీఎఫ్ఐ మాడ్యూల్. బూడిద రంగులో ఉండి, డిస్ట్రిబ్యూటర్ పక్కనే స్క్రూలతో బిగించి ఉంటుంది. ఎప్పుడు ఆపాలో ఆ మాడ్యూల్‌కి చెప్పేది డిస్ట్రిబ్యూటర్ లోపల ఉండే సెన్సర్. దాన్ని పిప్ అంటారు. కాయిల్‌లో పుట్టిన హై వోల్టేజీ ఒక లావు వైరులోంచి డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మధ్యలోకి వస్తుంది. లోపల తిరిగే రోటర్ దాన్ని పోస్ట్‌మ్యాన్ లాగా వరసగా ఒక్కో ప్లగ్‌కీ పంచుతుంది.

బ్యాటరీ, ఇగ్నిషన్ స్విచ్, కాయిల్, మాడ్యూల్, సెన్సర్, క్యాప్, రోటర్, వైర్లు, ప్లగ్గులు. ఇదీ గొలుసు. ఎక్కడో ఒక లింకు తెగింది. ఏ లింకో తెలియకుండా ఒక్కోటీ కొంటూ పోతే చీకట్లో బాణాలు వేసినట్టే. అమెరికాలో దీన్ని ‘పార్ట్స్ కేనన్’ అని వెక్కిరిస్తారు. స్పేర్ పార్టులతో ఫిరంగి పేల్చడమన్నమాట. పైగా అక్కడ చాలా షాపులు ఎలక్ట్రికల్ పార్టులు ఒకసారి అమ్మాక వెనక్కి తీసుకోవు.

ముందు జాగ్రత్త... తర్వాతే పానా

“చేత్తో వైరు పట్టుకుని చూస్తానంటే చంపేస్తా” అన్నాడు బాబాయ్. సరదాకి అన్నా, అందులో నిజముంది. ఈ కాయిల్ వదిలే షాక్ చిన్నది కాదు. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ పరీక్షల దగ్గరకి రాకపోవడమే మంచిది.

• హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకి అడ్డు పెట్టండి. ఆటోమేటిక్ బండి అయితే పార్క్‌లో, గేర్ల బండి అయితే న్యూట్రల్‌లో ఉంచండి.

• ఫ్యాన్, బెల్ట్‌ల దగ్గర వేలాడే చున్నీ, ఐడీ కార్డు తాడు, పొడవు చేతుల చొక్కా వద్దు.

• పెట్రోల్ కారుతుంటే స్పార్క్ టెస్ట్ చేయకండి. ముందు ఆ లీక్ సంగతి చూడాలి.

• సెల్ఫ్ ఒకేసారి పది సెకన్లకి మించి కొట్టకండి. స్టార్టర్‌ని కాసేపు చల్లారనివ్వండి. స్పార్క్ లేకుండా కొడుతూ పోతే సిలిండర్లలో పెట్రోల్ నిండి ప్లగ్గులు తడిసిపోతాయి.

మన దగ్గర బైక్‌కి చేసినట్టు ప్లగ్ విప్పి ఇంజిన్‌కి ఆనించి చూడొచ్చుగా అంటారా? చూడొచ్చు. కానీ విప్పిన రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి బయటికి చిమ్ముతుంది, పక్కనే స్పార్క్. ఇంకో చిక్కు కూడా ఉంది. బయటి గాలిలో స్పార్క్ తేలిగ్గా దూకేస్తుంది, సిలిండర్ లోపలి ఒత్తిడిలో అంత తేలిగ్గా దూకదు. కాబట్టి నీరసంగా ఉన్న కాయిల్ కూడా బయట బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఎక్కువ గ్యాప్ ఉండే స్పార్క్ టెస్టర్ కొనుక్కుంటే ఈ రెండు ఇబ్బందులూ ఉండవు. దాంతోపాటు ఒక టెస్ట్ ల్యాంప్, ఒక మల్టీమీటర్. మూడూ కలిపినా ఒకసారి టో చేయించే ఖర్చు కూడా అవ్వదు.

బ్లూటూత్ స్కానర్ పెట్టి ఫోన్‌లో చూసేద్దామంటే ఇక్కడ కుదరదు. ఆ స్కానర్లకి కావలసిన ఓబీడీ-2 పోర్ట్ అమెరికా కార్లకి తప్పనిసరి అయింది 1996 మోడళ్ల నుంచి. ఈ బండి అంతకంటే పాతది.

ఒక్కో మెట్టూ దిగుదాం

రూమ్మేట్ లోపల కూర్చుని తాళం తిప్పుతున్నాడు. మనవాడు బానెట్ కింద ఉన్నాడు. ఫోన్ రేడియేటర్ మీద ఆనించి ఉంది. అందులోంచి బాబాయ్ చూస్తున్నాడు.

మొదటి మెట్టు: అసలు స్పార్కే లేదా?

ముందు బ్యాటరీ. ఫుల్ చార్జింగ్‌లో ఉంటే మీటర్ 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. సెల్ఫ్ ఈడ్చుకుంటూ కొడుతుంటే మిగతా పరీక్షలు తర్వాత, ముందు బ్యాటరీ టెర్మినల్స్ శుభ్రం చేయండి. ఇక్కడ సెల్ఫ్ చురుగ్గానే ఉంది. తాళం ఆన్ చేయగానే ఫ్యుయెల్ పంప్ రెండు క్షణాలు గుయ్‌మంటోంది. సెల్ఫ్ కొట్టాక పెట్రోల్ వాసన కూడా వస్తోంది. ఒక ప్లగ్ వైరుకి టెస్టర్ తగిలించి, దాని క్లిప్పుని ఇంజిన్ లోహానికి పెట్టి సెల్ఫ్ కొడితే... చీకటి. ఇంకో వైరుకి పెట్టినా అంతే. స్పార్క్ లేదు.

రెండో మెట్టు: కాయిల్ దగ్గర ఉందా?

కాయిల్ నుంచి క్యాప్ మధ్యలోకి వెళ్లే లావు వైరుని క్యాప్ దగ్గర పీకి, టెస్టర్ దానికి పెట్టాలి. ఊరికే గాలిలో వదిలేసి సెల్ఫ్ కొట్టకూడదు. అలా చేస్తే కాయిల్, మాడ్యూల్ దెబ్బతినొచ్చు. ఇక్కడ స్పార్క్ వచ్చిందనుకోండి, కాయిల్ దాకా అంతా భేష్. తప్పు క్యాప్, రోటర్, వైర్లలో ఉన్నట్టు. క్యాప్ విప్పి చూస్తే లోపల పగుళ్లో, పచ్చటి తుప్పో, తేమో కనిపిస్తాయి. క్యాప్ తీసినప్పుడే సెల్ఫ్ కొట్టి రోటర్ తిరుగుతోందో లేదో కూడా చూడాలి. ఇంజిన్ తిరుగుతున్నా రోటర్ తిరగట్లేదంటే సమస్య కరెంటుది కాదు. లోపల గేరు పోయినట్టు.

మనవాడి బండిలో రోటర్ తిరుగుతోంది. కాయిల్ వైరులో మాత్రం స్పార్క్ లేదు. అంటే ఒక్క దెబ్బకి క్యాప్, రోటర్, ప్లగ్ వైర్లు, ప్లగ్గులు అన్నీ అనుమానితుల లిస్టులోంచి బయటికొచ్చేశాయి. “చూశావా, ప్లగ్గుల డబ్బులు మిగిలాయి” అన్నాడు బాబాయ్.

మూడో మెట్టు: కాయిల్‌కి కరెంటు వస్తోందా?

తాళం ఆన్‌లో పెట్టి, కాయిల్ ప్లస్ టెర్మినల్ దగ్గర మీటర్ పెడితే దాదాపు బ్యాటరీ వోల్టేజీ కనిపించాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు కూడా అక్కడ కరెంటు ఉండాలి. చాలామంది మర్చిపోయేది ఇక్కడే. ఆన్‌లో కరెంటు ఉండి, సెల్ఫ్ కొట్టగానే పోతోందంటే ఇగ్నిషన్ స్విచ్‌ని అనుమానించాలి. రెండు సందర్భాల్లోనూ లేకపోతే వైరింగ్ వెతకాలి. ఎలుక కొరికిన వైరు కూడా కావచ్చు.

ఇక్కడ రెండుసార్లూ కరెంటు ఉంది.

నాలుగో మెట్టు: ల్యాంప్ మినుకుమంటోందా?

అసలు మలుపు ఇదే. టెస్ట్ ల్యాంప్ క్లిప్పుని ఇంజిన్ లోహానికి తగిలించి, మొనని కాయిల్ మైనస్ టెర్మినల్‌కి పెట్టి సెల్ఫ్ కొట్టాలి. మాడ్యూల్ తన పని చేస్తుంటే ల్యాంప్ మినుకు మినుకుమంటుంది. మినుకుమంటున్నా స్పార్క్ లేదంటే దొంగ కాయిలే. మినుకుమనకుండా వెలిగే ఉంటే ఆపమని చెప్పేవాడో, ఆపేవాడో పని చేయట్లేదు. అంటే సెన్సరో, మాడ్యూలో, వాటి మధ్య వైరో.

ల్యాంప్ నిలకడగా వెలుగుతోంది. మినుకు లేదు.

“కాయిల్ కొనమన్నారు బాబాయ్ ఆఫీసులో...”

“కొనలేదుగా? మంచి పని చేశావ్.”

ఐదో మెట్టు: సెన్సరా, మాడ్యూలా?

ఈ ట్రక్కులో స్పౌట్ అని ఒక చిన్న కనెక్టర్ ఉంటుంది. టైమింగ్ కాస్త ముందుకో వెనక్కో జరపమని కంప్యూటర్ పంపే సిగ్నల్ దాని గుండానే వెళ్తుంది. దాన్ని పీకేస్తే మాడ్యూల్ కంప్యూటర్ మాట వినకుండా సొంతంగా స్పార్క్ ఇవ్వాలి. పీకగానే స్పార్క్ వస్తే గొడవ కంప్యూటర్ వైపు ఉన్నట్టు. ఇక్కడ పీకినా రాలేదు.

ఇంక ఒక్క ప్రశ్నే మిగిలింది. సెన్సర్ సిగ్నల్ కంప్యూటర్‌కి చేరుతోందా? ఆ సిగ్నల్ చూసుకునే కంప్యూటర్ ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మిస్తుంది. ఇంజెక్టర్ కనెక్టర్‌లో నాయిడ్ లైట్ అనే చిన్న బల్బు పెట్టి సెల్ఫ్ కొడితే అది టపటపా మెరిసింది. అంటే సెన్సర్ పని చేస్తోంది. మిగిలిన అనుమానితుడు ఒక్కడే, మాడ్యూల్. ఒకవేళ ఆ బల్బు మెరవకపోతే సెన్సర్ కూడా లిస్టులో ఉండేది. అప్పుడు డిస్ట్రిబ్యూటర్ బయటికి తీయాలి. తీసే ముందు రోటర్ ఎటు చూస్తోందో గుర్తు పెట్టుకోవాలి. బిగించాక టైమింగ్ లైట్‌తో టైమింగ్ సరిచూడాలి. అది పెద్ద పని.

మాడ్యూల్ స్క్రూలకి మామూలు స్పానర్ అందదు. పల్చటి గోడ ఉన్న 5.5 మిల్లీమీటర్ల సాకెట్ కావాలి. దాంతో మాడ్యూల్ విప్పి, రూమ్మేట్ కారులో స్పేర్ పార్టుల షాపుకి వెళ్లారు. అమెరికాలో చాలా షాపులు మాడ్యూల్‌ని ఫ్రీగా టెస్ట్ చేసిపెడతాయి. మిషన్‌కి తగిలించారు. ఫెయిల్.

వేడెక్కితే పోతుంది, చల్లారితే వస్తుంది

నిన్న హైవే మీద బండి ఆగడం, అరగంటకి మళ్లీ స్టార్టవడం... ఇప్పుడు అర్థమైంది కదా? ఈ మాడ్యూల్ గురించి తెలిసినవాళ్లకి అదే పెద్ద క్లూ. డిస్ట్రిబ్యూటర్‌కి అతుక్కుని ఉండటం వల్ల ఇంజిన్ వేడంతా దానికి తగులుతుంది. లోపలి ఎలక్ట్రానిక్స్ వేడికి చేతులెత్తేస్తాయి. చల్లారాక మళ్లీ పని చేస్తాయి. కొన్నాళ్లకి పూర్తిగా పోతాయి.

ఇది ఒక్క బండి కథ కాదు. కోర్టు దాకా వెళ్లిన కథ. 1983 నుంచి 1995 మధ్య వచ్చిన ఫోర్డ్ వాహనాల్లో ఈ మాడ్యూళ్ల మీద కాలిఫోర్నియాలో యజమానులంతా కలిసి కేసు వేశారు. వేడెక్కే చోట మాడ్యూల్ పెట్టడం వల్ల నడుస్తున్న బండి ఆగిపోయే ప్రమాదం ఉందని తెలిసీ కంపెనీ దాచిందని 2000లో జడ్జి తేల్చారు. వాహనాల్ని రీకాల్ చేయాలని ఆదేశించారు. తమ వాహనాలు సురక్షితమైనవేనని ఫోర్డ్ వాదించింది. చివరికి 2001లో రెండు పక్షాలూ రాజీకొచ్చాయి. తర్వాతి కాలపు ట్రక్కుల్లో మాడ్యూల్‌ని డిస్ట్రిబ్యూటర్ మీద నుంచి తీసి, కాస్త చల్లగా ఉండే చోట పెట్టారు.

వస్తూ పోతూ ఉండే ఇలాంటి జబ్బుని పట్టుకోవడం కష్టం. బండి బాగున్నప్పుడు ఎన్ని పరీక్షలు చేసినా అన్నీ పాసే. అందుకే బండిలో ఎప్పుడూ స్పార్క్ టెస్టర్ ఉంచుకుని, ఆగిపోయిన ఆ పది నిమిషాల్లోనే చూడాలి. అదీ రోడ్డు పక్కకి సురక్షితంగా తీశాకే. షాపులో టెస్ట్ చేయించినా ఒక్కసారితో సరిపెట్టకుండా, మాడ్యూల్ వేడెక్కేలా నాలుగైదు సార్లు వరసగా చేయమని అడగాలి.

కొత్తది బిగించినా మళ్లీ పోతే?

కొత్త మాడ్యూల్ దొరికింది. మనవాడు బిగించేస్తుంటే ఫోన్‌లోంచి కేక. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర అయింది. బాబాయ్ ఇంట్లో అన్నం తింటున్నాడు.

“ఆగరా! వెనక పేస్ట్ రాశావా?”

మాడ్యూల్ వెనక ఉండే లోహపు పలక, తన వేడిని డిస్ట్రిబ్యూటర్ లోహంలోకి పంపాలి. ఆ రెండింటి మధ్య సన్నటి గాలి పొర ఉన్నా వేడి దిగదు. అందుకే పాత మడ్డి శుభ్రంగా తుడిచి, కంప్యూటర్ ప్రాసెసర్‌కి రాసే లాంటి థర్మల్ పేస్ట్ పల్చగా రాయాలి. గేమింగ్ పీసీ అసెంబుల్ చేసినవాళ్లకి ఇది బాగా తెలుసు. చాలామంది ఇక్కడ ప్లగ్ వైర్లకి రాసే డైఎలక్ట్రిక్ గ్రీజు రాసేస్తారు. అది తేమ రాకుండా ఆపడానికి పనికొస్తుంది కానీ, వేడి దించడానికి కాదు. ఈ పేస్ట్ లేకుండా బిగించిన మాడ్యూల్ తొందరగా పోతుంది. అప్పుడు ‘కొత్తది కూడా నాసిరకమే’ అని తిట్టుకుంటాం.

పేస్ట్ రాశాడు. బిగించాడు. పీకిన స్పౌట్ కనెక్టర్, లావు వైరు మళ్లీ పెట్టాడు. రూమ్మేట్ తాళం తిప్పాడు. రెండు చుట్లు తిరిగిందో లేదో... బ్రూమ్!

నడుస్తుండగా ఆగితే?

ఈ కథలో అన్నిటికంటే ముఖ్యమైనది డబ్బు కాదు. నిన్నటి ఆ హైవే. ఇంజిన్ ఆగిన మరుక్షణం పవర్ స్టీరింగ్ బరువెక్కిపోతుంది. బ్రేక్‌కి సాయం చేసే బూస్టర్ కూడా ఒకటి రెండు సార్లకి మించి పని చేయదు. బ్రేక్ ఉంటుంది, కానీ చాలా గట్టిగా తొక్కాలి. కంగారుపడి తాళం పూర్తిగా వెనక్కి తిప్పితే స్టీరింగ్ లాక్ పడిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి హజార్డ్ లైట్లు వేసి, స్టీరింగ్ రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, బ్రేక్‌ని పంపు కొట్టినట్టు కొట్టకుండా ఒకే ఊపులో గట్టిగా నొక్కి పక్కకి తీయాలి. ‘చల్లారాక స్టార్టయిందిగా’ అని మర్నాడు మళ్లీ హైవే ఎక్కకూడదు. ఒకసారి ఆగిన బండి మళ్లీ ఆగుతుంది. ఈసారి వెనక లారీ ఉండొచ్చు.

మీ బైక్‌కీ ఇదే లెక్క

మీ దగ్గర ఎఫ్-150 ఉండకపోవచ్చు. పార్కింగ్‌లో పాత స్ప్లెండర్ ఉందేమో? గొలుసు అదే, పేర్లే వేరు. ప్లగ్, ప్లగ్ క్యాప్, హెచ్‌టీ కాయిల్, సీడీఐ, పికప్ కాయిల్. కిల్ స్విచ్ ఉన్న బైక్ అయితే ముందు అది చూడండి. చాలాసార్లు ఎవరో పిల్లాడు నొక్కి వెళ్లిపోయి ఉంటాడు! తర్వాత ప్లగ్ నుంచి ఒక్కో మెట్టూ వెనక్కి రండి. ఒక్కో పరీక్షా కొన్ని పార్టుల్ని నిర్దోషులుగా వదిలేస్తుంది. చివరికి మిగిలినదాన్నే మార్చండి.

పదకొండు ముప్పావుకి మనవాడు ఆఫీసు పార్కింగ్‌లో బండి ఆపి, ఫొటో తీసి బాబాయ్‌కి పంపాడు. జవాబుగా వచ్చిన వాయిస్ మెసేజ్ ఇది: “బాగుంది రా. ఆ పాత మాడ్యూల్ పారెయ్యకు, నాకు పంపు. డెల్కో ఊళ్లో మన డెల్కో రిపేరు చేశామని షెడ్డులో వేలాడదీస్తా.”